తీర్పుకు ముందరి చెఱసాల

ఒక మాఘమాసపు ఉదయమున, వీథులన్నియు మంచుతో గడ్డకట్టియున్న వేళ, టొరంటో నగరమునకు పడమటి దిక్కున నున్న ఒక న్యాయస్థానములో సాక్షి బోనెక్కి, నా జీతపు కాగితములను ఇంటిపన్ను రసీదును చేతబట్టుకొని, "ఈ కుర్రవానికి నేను పూచీ యుందును" అని ప్రమాణము చేసి చెప్పవలసి వచ్చినది. అతడు మా గుంటూరు ప్రాంతమువాడు. చదువుకొనుటకై ఈ దేశము వచ్చి, మరి నలుగురు విద్యార్థులతో కలిసి ఒక ఇంటి నేలమాళిగలో అద్దెకుండి, వారిలో ఒకనితో మాటామాటా పెరిగి చేయి చేసుకొనుట దాక పోగా, పోలీసులు వచ్చి పట్టుకొనిపోయిరి. అప్పటికి రెండు రాత్రులు చెఱలో గడిపియున్నాడు. ముందటి రాత్రి అతని తల్లి ఫోను చేసి, "అన్నయ్యగారూ, అక్కడ వాడికి మీరు తప్ప దిక్కెవరున్నారండీ?" అని ఏడ్చినది. ఆమెను నేనెన్నడును చూచి యెరుగను.

ప్రభుత్వపక్షమున వాదించు న్యాయవాదిని నన్నడిగిన ప్రశ్నలు ఇప్పటికిని చెవిలో మెదలుచున్నవి. మీ బ్యాంకులో ఎంత సొమ్మున్నది? ఇతడు ఏ గదిలో పండుకొనును? మీరు పనికి పోయిన వేళ ఇతనిని కనిపెట్టి యుండువారెవరు? ఇతడు రాత్రి తొమ్మిది దాటి గడప దాటినచో పోలీసులకు మీరే ఫోను చేయుదురా? చేయుదునంటిని. ఆ ఒక్క మాటతో నేనా కుర్రవానికి ఆప్తుడనును, కావలివాడనును ఒక్కమారే అయితిని. పదునొకండు నెలలు అతడు మా యింటనే యుండెను. రాత్రివేళ వాకిటి మంచును ఎత్తిపోయవలెనన్నను, గడియారము వంక చూచి, "బాబాయిగారూ, గుమ్మం దాకా పోవచ్చునా?" అని అడుగుచుండెను. కడకు ప్రభుత్వమే అభియోగమును ఉపసంహరించుకొన్నది. అతనిపై తీర్పనునది ఎన్నడును వెలువడలేదు.

ఆనాడు నా మనస్సున నాటుకొనినవాడు మాత్రము అతడు కాదు. మా వంతునకు ముందు, అద్దాల అడ్డుగోడ వెనుకకు ఏబదియేండ్ల మనిషి నొకనిని తీసికొనివచ్చిరి. నేరము పెద్దది కాదని వినుచున్నవారికే తోచుచుండెను. అతనికి పూచీ యుండువా రెవరైన వచ్చిరా అని న్యాయాధికారి యడుగగా, ఉచిత న్యాయసహాయపు వకీలు లేచి ఎవరును రాలేదని చెప్పినది. కేసు మరియొక దినమునకు వాయిదా పడినది. అతడు తలయూపి, వచ్చిన త్రోవనే మరలి పోయెను. ఆ కుర్రవానికిని ఈ మనిషికిని శాసనము దృష్టిలో భేదము లేదు, ఇరువురును నిర్దోషులే. ఒకనికి మనుష్యుడున్నాడు, ఒకనికి లేడు, అంతియే.

ఆ దినము మొదలుకొని ఈ దేశపు జామీను శాసనముల చరిత్రను చదువుచు వచ్చితిని. కెనడా పార్లమెంటులో జామీనును శిక్షానిర్ణయమును గూర్చి సాగుచున్న వాదమును మన పత్రికలు రెండుమూడు పంక్తులలో ముగించుచున్నవి గనుక, దాని వేళ్లెంత లోతున నున్నవో స్వదేశమందలి చదువరులకు విన్నవింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

మొదట గ్రహింపవలసినది అధికారవిభాగము. మన రాజ్యాంగములో నేరశాసనము ఉమ్మడి జాబితాలో నున్నది గనుక కేంద్రమునకును రాష్ట్రములకును అందు చేయి గలదు. కెనడాలో అట్లు కాదు. 1867నాటి రాజ్యాంగశాసనము నేరశాసనమును నిర్మించు అధికారమును ఒట్టావాలోని పార్లమెంటునకే యిచ్చి, న్యాయపాలనమును నడుపు భారమును రాష్ట్రములకు విడిచినది. రెండేండ్లకు లోబడిన శిక్షలు పడినవారును, విచారణకై వేచియున్నవారును రాష్ట్రపు జైళ్లలో నుందురు. రెండేండ్లును అంతకు మించియును శిక్ష పడినవారు కేంద్ర కారాగారములకు పోవుదురు. అందుచేత జామీనుపై నున్న ఒకడు ఘోరమొనర్చినాడన్న వార్త పుట్టినపుడెల్ల, శాసనము మెత్తనిదని రాష్ట్రముల ప్రధానులు ఒట్టావాను నిందింతురు. జైళ్లును న్యాయవాదులును న్యాయాధికారులును మీ చేతిలోనివే గదా యని ఒట్టావా మంత్రులు బదులు చెప్పుదురు. నూటయేబది సంవత్సరములకు పైబడిన యీ వాదమునకు ఇరుపక్షములందును కొంత నిజమున్నది గనుకనే అది ముగియుట లేదు.

ఇచ్చట మన దేశముతో ముడిపడిన ఒక సంగతి చెప్పక ముందునకు సాగలేను. 1869 మొదలు 1872 వరకు కలకత్తాలో వైస్రాయి కౌన్సిలున న్యాయసభ్యుడుగా నుండి, మన సాక్ష్యశాసనమును రచించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, స్వదేశమునకు మరలిన పిమ్మట, భారతదేశములో శాసనములను క్రోడీకరించిన అనుభవము మనస్సున మెదలుచుండగా, ఇంగ్లండునకొక నేరస్మృతిని సిద్ధపరచెను. ఇంగ్లండు పార్లమెంటు దానిని అంగీకరింపలేదు. ఆ ముసాయిదానే ఆధారముగా గొని న్యాయమంత్రి జాన్ థాంప్సన్ 1892లో కెనడా నేరస్మృతిని శాసనముగా చేయించెను. కనుక ఈ దేశపు న్యాయస్థానములో నిలిచిన తెలుగువానికి, తెలియకపోయినను, తన దేశపు స్మృతికి దాయాది యగు స్మృతియే ఎదురుపడుచున్నది.

ఆ స్మృతిలో జామీను న్యాయాధికారి దయపై నాధారపడి యుండెను. దయ యనగా వాస్తవమున సొమ్మే. ఇంత పైకము కట్టుము, లేదా అంత ఆస్తి గలవానిని పూచీ తెమ్ము, లేనిచో చెఱలో నుండుమని చెప్పుట ఆనాటి పద్ధతి. 1960ల ఆరంభమున టొరంటోకు చెందిన యువ న్యాయపండితుడు మార్టిన్ ఫ్రీడ్లాండ్, నగరపు మేజిస్ట్రేటు కోర్టులలో నడచిన వేలకొలది కేసుల కాగితములను ఓపికతో పరిశీలించి, 1965లో ఒక గ్రంథమును ప్రకటించెను. సమనుతో పిలువదగినవారిని పోలీసులు అరెస్టు చేయుచున్నారనియు, విడుదల యగుట నిందితుని స్వభావమును గాక అతని జేబును బట్టి జరుగుచున్నదనియు, అంతకంటె గుండెను కలచునట్లు, విచారణకు ముందు చెఱలో నున్నవారికే నేరనిర్ణయమును కారాగారశిక్షయు హెచ్చుగా పడుచున్నవనియు అతడు లెక్కలతో చూపెను. బయట నున్నవాడు సాక్షులను వెదకుకొనును, ఉద్యోగము నిలుపుకొనును, కోర్టునకు శుభ్రమైన చొక్కా తొడిగికొని వచ్చును. లోపల నున్నవాడు, ఎట్లయిన ఈ బాధ తప్పిన చాలునని నేరమొప్పుకొనును.

ఆనాటి చెఱ యెట్లుండెనో చూడవలెనని నేను డాన్ జైలునకు పోయితిని. టొరంటోలో డాన్ నది లోయ యంచున 1864లో తెరువబడి, 1977లో మూయబడి, నేడు ఒక ఆసుపత్రి కార్యాలయముగా మారిన యా రాతికట్టడపు సింహద్వారముపై, గడ్డము పెంచిన ఒక వృద్ధముఖము చెక్కియున్నది. కాలపురుషుడని చెప్పుదురు. లోపల కొన్ని కొట్లను యథాతథముగా నిలిపియుంచిరి. ఒక కొట్టులో నిలుచుండి చేతులు చాపబోయితిని. మోచేతులు నిక్కకముందే అరచేతులకు రెండు గోడలును తగిలినవి. 1962 డిసెంబరు 11న ఆర్థర్ లూకస్, రోనాల్డ్ టర్పిన్ అను ఇరువురను ఆ కట్టడములోనే ఉరితీసిరి. కెనడాలో జరిగిన కడపటి ఉరి యదియే. తీర్పు పొందినవారును పొందనివారును ఒకే కప్పు క్రింద, ఒకే వెడల్పు గల కొట్లలో నుండిరన్న తలపు, ఆ గోడలు చేతులకు తగిలిననాడు కలిగినట్లు పుస్తకములు చదివిన నాడు నాకు కలుగలేదు.

ఫ్రీడ్లాండ్ గ్రంథము వ్యర్థము కాలేదు. న్యాయమూర్తి రోజర్ విమె అధ్యక్షతన నియమితమైన సంఘము 1969లో తన నివేదికను సమర్పించుచు ఆ భావములనే బలపరచెను. న్యాయమంత్రి జాన్ టర్నర్ ప్రవేశపెట్టిన జామీను సంస్కరణశాసనము 1972 జనవరి 3న అమలులోనికి వచ్చినది. దాని రచన సరళమైనది. చిన్న నేరములకు అరెస్టు చేయకయే, ఫలానా దినమున కోర్టునకు రమ్మని చీటీ యిచ్చి పంపు అధికారమును పోలీసులకు ఇచ్చిరి. చెఱలో ఉంచవలెనన్నచో, ఏల ఉంచవలెనో చెప్పి ఒప్పించు భారమును ప్రభుత్వముపై మోపిరి. విడుదలను ఒక నిచ్చెనగా భావించి, అన్నిటికంటె క్రిందిమెట్టున, ఏ షరతును లేని మాటయిచ్చుటను ఉంచిరి. ఒక్కొక్క మెట్టు పైకెక్కవలెనన్న, క్రిందిమెట్టు ఏల చాలదో ప్రభుత్వము చెప్పవలెను. పైమెట్టులలోనే పూచీదారును, రొక్కమును ఉన్నవి. రొక్కము కట్టించుటను దాదాపుగా దూరప్రాంతవాసులకే పరిమితము చేసిరి. బీదవానికి సొమ్ము లేదన్న కారణమే చెఱకు కారణము కారాదని ఒక దేశపు పార్లమెంటు శాసనరూపమున చెప్పుట గొప్ప సంగతి. అర్ధశతాబ్దమునకు పైగా గడచినను ఆ శాసనము నా దృష్టిలో కెనడా చేసిన ఉత్తమకార్యములలో నొకటి.

అది నిలుకడగా అయిదేండ్లయినను నిలువలేదు. పోలీసులును, పత్రికలును శాసనము మెత్తనిదనిరి. 1976లో అమలులోనికి వచ్చిన సవరణచే, కొన్ని నేరములలో భారము తారుమారై, తన్నేల విడువవలెనో నిందితుడే చెప్పవలసి వచ్చెను. మాదకద్రవ్యముల శాసనము మొదలుకొని మరికొన్ని ప్రత్యేకశాసనముల క్రింద జామీనునకై తిరుగుచున్న మనవారికి ఈ తారుమారు కొత్తది కాదు.

చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది, ఆ సంవత్సరమే జరిగిన మరియొక వాదము. మరణశిక్షను రద్దుచేయు బిల్లు 1976లో కామన్స్ సభకు వచ్చెను. పక్షముల ఆజ్ఞలను ప్రక్కకు బెట్టి, సభ్యులు తమ అంతరాత్మ ననుసరించి ఓటు వేయవచ్చునని నిశ్చయించిరి. దేశమున అధికసంఖ్యాకులు ఉరిశిక్షనే కోరుచున్నారని ప్రజాభిప్రాయసేకరణలు చెప్పుచుండెను. సభ్యుల బల్లలపై తమ నియోజకవర్గముల ఉత్తరములు గుట్టలై పడుచుండెను. తన్ను గెలిపించినవారి యిచ్ఛను తాను మోయువాడా, లేక వారి తరపున విచారించి నిశ్చయించువాడా అను ప్రశ్న ప్రతి సభ్యునికిని ఎదురుపడినది. జులై 14న తృతీయ పఠనమున 130 మంది బిల్లునకు అనుకూలముగను, 124 మంది ప్రతికూలముగను ఓటు వేసిరి. ఆరు ఓట్లు! 1987లో ఉరిని పునరుద్ధరింపవలెనన్న తీర్మానము మరల సభకు రాగా, ప్రధాని బ్రయన్ మల్రోనీ తన పక్షమున పలువురు దానిని కోరుచున్నను, తాను దానికి విరుద్ధమని నిలిచి చెప్పెను. ఆ తీర్మానము 127కు 148 ఓట్లతో ఓడిపోయెను. ప్రజలు కోపమున నున్నపుడు వారికి అడ్డముగా నిలిచిన ఈ రెండు సభలను నేను గౌరవముతో స్మరింతును.

అయితే ఆ దయకు మూల్యము చెల్లింపబడినదనియు చెప్పవలెను. ఉరి పోగా, దాని స్థానమున, బుద్ధిపూర్వకమైన హత్యకు ఇరువదియైదు సంవత్సరముల వరకు పెరోలు లేని యావజ్జీవశిక్ష వచ్చెను. 2011లో పార్లమెంటు, ఒకనిపై పలు హత్యలు రుజువైనచో ఆ ఇరువదియైదేండ్లను ఒకదానిపై నొకటి పేర్చుటకు న్యాయాధిపతికి అనుమతి యిచ్చెను. 2017 జనవరి 29న క్వెబెక్ నగరమున మసీదులో ప్రార్థనకు వచ్చిన ఆరుగురిని కాల్చిచంపినవాని కేసులో, మనుష్యుడెన్నటికిని బయటపడు ఆశయే లేకుండ శిక్షించుట క్రూరమని సుప్రీముకోర్టు 2022లో ఏకగ్రీవముగా ఆ శాసనమును కొట్టివేసెను. మృతుల కుటుంబములు ఆనాడు అనుభవించిన వేదనను తక్కువచేసి చెప్పుట నాకు సమ్మతము కాదు. వారి దుఃఖమునకు ఏ తీర్పును సరిపోదు. కాని శిక్షను దుఃఖముతో తూచుట మొదలిడినచో దానికి తుద యెక్కడ?

న్యాయస్థానములకు ఈ బలము వచ్చినది 1982లో. ఆ యేడు రాజ్యాంగములో చేరిన హక్కుల అధికారపత్రము, న్యాయమైన కారణము లేక ఎవనికిని సమంజసమైన జామీను నిరాకరింపరాదని చెప్పినది. జామీను శాసనములో నున్న 'ప్రజాహితము' అను మాట నానార్థములకు తావిచ్చుచున్నదని, ఆ కారణముతో చెఱలో ఉంచుట చెల్లదని 1992లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. అయిదేండ్లకు పార్లమెంటు, న్యాయపాలనముపై ప్రజలకు గల విశ్వాసమును నిలుపుట అను కొత్త మాటతో అదే ద్వారమును మరల తెరచెను. 2002లో కోర్టు దాని ముఖ్యభాగమును అంగీకరించెను. కనీసశిక్షల కథయు నిట్టిదే. మాదకద్రవ్యములను దిగుమతి చేసినవానికి ఏడేండ్లకు తగ్గకుండ శిక్ష వేయవలెనన్న నియమమును 1987లో కోర్టు కొట్టివేసెను. 2012లో కన్సర్వేటివు ప్రధాని హార్పర్ ప్రభుత్వము పలు నేరములకు కనీసశిక్షలను పెంచెను. 2022లో లిబరల్ ప్రభుత్వము కనీసశిక్షలలో ఇరువదింటిని తొలగించెను.

ఈ రాకపోకలలో నిలిచి చూడవలసిన దొకటి గలదు. 1996లో అమలైన శిక్షానిర్ణయ సంస్కరణము, చెఱకు బదులు సమంజసమైన ఏ శిక్షయైన నున్నదేమో చూడవలెననియు, ఆదిమజాతుల నిందితుల విషయమున వారి స్థితిగతులను విశేషముగా గమనింపవలెననియు ఆదేశించెను. 1999లో గ్లాడ్యూ కేసున సుప్రీముకోర్టు ఆ వాక్యమునకు ప్రాణము పోసెను. అయినను నేటికిని, జనాభాలో నూటికి అయిదుగురుగా నున్న ఆదిమజాతులవారు కేంద్ర కారాగారములలో దాదాపు మూడవవంతున్నారు. వారి పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో బంధించిన తరముల పాపము ఈ కారాగారములలో ఇంకను కూడుకొనియున్నది. ఈ దేశములో అన్నము తినుచున్న మనవంటి వలసవారు ఈ సంఖ్యను కంఠస్థము చేయవలెనని నా మనవి.

ఇక చెఱలోని సంఖ్యలకు వత్తము. 2004-05 మొదలుకొని, రాష్ట్రముల జైళ్లలో శిక్షపడినవారికంటె విచారణకై వేచియున్నవారే ఎక్కువ. ఇటీవలి సంవత్సరములలో పదిమందిలో ఏడుగురు దాక తీర్పు లేనివారే. నేరములు పెరుగుటచే నిట్లు జరుగలేదు. ఈ పెరుగుదల చాలభాగము నేరముల సంఖ్య తగ్గుచున్న కాలముననే జరిగినది. న్యాయాధికారులు నిందకు వెరచి నిర్ణయములను వాయిదా వేసిరి. విడిచినను షరతుల మీద షరతులు పేర్చిరి. మద్యమునకు బానిసయైనవానిని త్రాగరాదని ఆదేశించి, త్రాగినపుడు షరతు తప్పినాడని మరల పట్టిరి. ఒంటారియోలో పూచీదారుని కోరుట, క్రిందిమెట్టు అదియే అన్నంతగా అలవాటైపోయెను. నేను బోనెక్కిన కారణము నదియే. 2017లో ఆంటిక్ కేసున సుప్రీముకోర్టు, నిచ్చెనను మెట్టుమెట్టుగా ఎక్కవలెనే గాని పైమెట్టునకు దుముకరాదని గట్టిగా జ్ఞాపకము చేసెను. 2019లో పార్లమెంటు సంయమసూత్రమును స్మృతిలోనే చేర్చి, వీలైనంత త్వరగను, వీలైనంత తక్కువ షరతులతోను విడువవలెననెను.

అంతలో 2022 డిసెంబరు 27న, ఒంటారియో రాష్ట్రపు ఒక గ్రామీణమార్గమున, గుంటలో పడిన వాహనమునకు సాయపడబోయిన యువ పోలీసు ఉద్యోగి కాల్పులకు బలియయ్యెను. నిందితులలో నొకడు అంతకుముందు జామీనుపై విడుదలయై, కోర్టునకు రాక, వారంటు నెత్తిపై నున్నవాడని తెలిసి దేశము కుమిలినది. వచ్చిన జనవరిలో పదిమంది రాష్ట్రప్రధానులును మూడు ప్రాంతముల ప్రధానులును ఏకమై, జామీను శాసనమును బిగింపవలెనని ఒట్టావాకు లేఖ వ్రాసిరి. మే నెలలో బిల్లు వచ్చెను. ఆయుధములతో పదేపదే హింసకు పాల్పడినవారి విషయమున భారమును నిందితునిపైకి మార్చుట దాని సారము. సెప్టెంబరు 18న, వేసవి సెలవుల తరువాత సభ కూడిన తొలిదినమున, కామన్స్ సభ దానిని అన్ని దశలును ఒక్కనాడే దాటించి, ఏకగ్రీవముగా ఆమోదించెను. సంఘపరిశీలనము లేదు, సాక్షుల విచారణము లేదు. మనుష్యుల స్వేచ్ఛను తాకు బిల్లును తరచి చూచు పని ఎన్నిక లేని సెనేట్ సభకు మిగిలెను. ఆ సభవారు దానిని పరిశీలించి కొంత సవరించిరి. ఆ నాటి శోకము సత్యమైనది. కాని శోకదినమున అందరును ఒక్కగొంతుతో నుండుట శాసననిర్మాణమునకు మంచి గడియ కాదని, 1976 నాటి ఆరు ఓట్ల సభను తలచుకొనినపుడు నాకు తోచును.

ఆ సవరణ అమలై రెండేండ్లు నిండకముందే, 2025 అక్టోబరు 23న, న్యాయమంత్రి షాన్ ఫ్రేజర్ జామీను, శిక్షానిర్ణయముల సంస్కరణబిల్లును ప్రవేశపెట్టెను. అందు ఎనుబదికి పైగా నిబంధనలు గలవు. హింసతో కూడిన కార్ల దొంగతనము, ఇండ్లలో చొరబడుట, మనుష్యుల అక్రమరవాణా, గొంతు నులుముట, బెదరించి సొమ్ము గుంజుట మొదలైన నేరములలో భారము తారుమారగును. సంయమసూత్రమనగా విడిచితీరవలెనని అర్థము కాదని వివరింపబడును. కొన్ని శిక్షలను ఒకదాని వెంట నొకటిగా అనుభవింపవలెను. లైంగికనేరములకు గృహనిర్బంధశిక్ష దొరకుట కష్టమగును. కన్సర్వేటివులు ఇదియు చాలదనిరి. సంయమసూత్రమునే తుడిచివేసి ప్రజారక్షణకు ప్రథమస్థానమీయవలెనని వారి సభ్యుడు అర్పన్ ఖన్నా ఒక ప్రత్యేకబిల్లు తెచ్చియుండెను. పౌరస్వేచ్ఛాసంఘమువారు రెండింటికిని ఎదురు నిలిచిరి.

ఈ బిల్లులకు మూలమైన భయమును నేను తేలికచేసి మాటలాడుట లేదు. టొరంటో చేరువనున్న బ్రాంప్టన్‌లోను, పశ్చిమతీరపు సర్రీలోను భారతీయ వర్తకులకు సొమ్మిమ్మని ఫోనులు వచ్చుటయు, ఈయనిచో వాకిళ్లపై తుపాకులు పేలుటయు జరుగుచున్నది. నేను కూరగాయలు కొను అంగడివాడు సాయంకాలము దీపములు పెట్టకముందే తలుపు మూయుచున్నాడు. "అన్నా, ఫోను మ్రోగితే ఎత్తడానికే భయం" అని అతడు నాతో చెప్పినపుడు, అతని యెదుట నిలిచి హక్కుల అధికారపత్రమును వల్లించుట నాకు చేతకాలేదు. అతనికి రక్షణ కావలెను. ఈయవలసినది రాజ్యము.

కాని ఆ రక్షణ ఈ శాసనమున దొరకునా అనియే నా సందేహము. ప్రమాదకరుడైన నిందితుని చెఱలో ఉంచుటకు వలసిన అధికారము 1972 నుండియు న్యాయాధికారి చేతిలో నున్నది. లేనిదేమనగా, జామీను విచారణమున పూర్తి వివరములను ముందుంచగల ప్రభుత్వన్యాయవాది, విడుదలైనవానిని నిజముగా కనిపెట్టియుండు యంత్రాంగము, వారంటును అమలుపరచు పోలీసు బలగము, ఏడాదికి లోపల తీర్పు చెప్పగల న్యాయస్థానము. జామీనుపై విడుదలైనవారిలో ఎందరు మరల హింసకు పాల్పడిరో దేశమంతటికిని చెప్పగల సమగ్రమైన లెక్కలే లేవు. లెక్క లేక బిగించిన శాసనము ఎవనిపై పడును? అంగడివానిని బెదరించిన ముఠానాయకునికి వకీళ్లుందురు, పూచీదారులుందురు, ఇల్లుండును. అద్దాల అడ్డుగోడ వెనుక నిలిచి తలయూపి మరలిన యా యేబదియేండ్ల మనిషిపైననే ముందుగా పడును. కనుక ఈ బిల్లులో శిక్షానిర్ణయభాగమునందు నాకు సమ్మతములైన వాక్యములు కొన్ని యున్నను, భారమును తారుమారు చేయు భాగము తప్పని నా నిశ్చితాభిప్రాయము.

మన దేశపు సంగతి వేరని చదువరులనవచ్చును. వేరు కాదు. మన జైళ్లలోని ఖైదీలలో దాదాపు నాలుగింట మూడువంతులు విచారణఖైదీలే. 1977లో గుడికంటి నరసింహులు మొదలైనవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విధించిన శిక్షపై అప్పీలు చేసి సుప్రీముకోర్టున జామీను కోరినపుడు, న్యాయమూర్తి కృష్ణయ్యరు స్వేచ్ఛకు గల విలువను నొక్కిచెప్పి వారిని విడిచిపెట్టెను. మరుసటి సంవత్సరమే మోతీరామ్ అను తాపీమేస్త్రి కేసున, పదివేల రూపాయల పూచీ కోరుటయే గాక, పూచీదారుని ఆస్తి వేరొక జిల్లాలో నున్నదన్న కారణముచే త్రోసివేసిన మేజిస్ట్రేటు ఉత్తరువును ఆయన తీవ్రముగా ఖండించెను. ఫ్రీడ్లాండ్ టొరంటోలో చూచినదియు, కృష్ణయ్యరు మధ్యప్రదేశమున చూచినదియు ఒకే మనుష్యునే.

2024 జులై 1 నుండి మన దేశమున అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షను, మరణశిక్షయో యావజ్జీవమో పడదగిన నేరములు గాని, ఒకటికి మించిన కేసులు గాని లేనిచో, అంతకుముందు ఏ నేరమును రుజువుకానివాడు గరిష్ఠశిక్షలో మూడవవంతును, తక్కినవారు సగమును చెఱలో గడిపినపుడు విడుదలకు అర్హులని చెప్పుచున్నది. అంతకుముందటి కేసులకును ఇది వర్తించునని సుప్రీముకోర్టు ఆ ఆగష్టులోనే చెప్పెను. మీ యూరివాడో, మీ వీథివాడో పూచీ లేక జిల్లా జైలులో నున్నాడని మీకు తెలిసినచో, అతడెన్ని దినములు లోపల నున్నాడో లెక్కించి, మీ జిల్లా న్యాయసేవాధికారసంస్థకు ఒక కాగితము వ్రాయుడు. చెఱలో నున్నవానికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలు నిచ్చుట ఆ సంస్థ విధి. ఆ కాలము నిండిన వెంటనే కోర్టునకు దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత ఖైదీది కాదు, జైలు సూపరింటెండెంటుది.